స్పోర్ట్స్ కారు హార్స్‌పవర్: ఏ అంకెను చూసి కారు ఎంచుకోవాలి?

మెక్‌లారెన్ 720ఎస్‌కు ఆ పేరు దాని పవర్ వల్లే వచ్చింది, 720 పీఎస్ (యూరప్ వాళ్ల మెట్రిక్ హార్స్‌పవర్). అదే కారు గురించి అమెరికా పత్రికల్లో చదివితే 710 హార్స్‌పవర్ అని కనిపిస్తుంది. కిలోవాట్లలో చూస్తే 530. మూడు అంకెలూ ఒకే ఇంజిన్‌వి, ఒకే పరీక్షవి. అయినా "అమెరికాకు పంపేదాంట్లో పది గుర్రాలు కోసేశారు" అని వాదించేవాళ్లు ఇప్పటికీ తగులుతూనే ఉంటారు.

రెండు మూడు కార్లు షార్ట్‌లిస్ట్ చేసుకుని, బ్రోషర్లు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కొత్తదైనా సెకండ్ హ్యాండ్‌దైనా, హైదరాబాద్‌లో కొన్నా డల్లాస్‌లో కొన్నా పద్ధతి ఒకటే. ప్రతి హార్స్‌పవర్ అంకె వెనకా కొన్ని షరతులు ఉంటాయి. ఏ యూనిట్, ఏ ప్రమాణం, ఏ వాతావరణం, ఏ పెట్రోల్, ఇంజిన్ దగ్గర కొలిచారా చక్రాల దగ్గర కొలిచారా? ఈ షరతులు కలవని రెండు అంకెలను పక్కపక్కన పెడితే ఆ పోలికకు అర్థం లేదు.

ముందు అన్నీ కిలోవాట్లలోకి

జేమ్స్ వాట్ లెక్క ప్రకారం ఒక హార్స్‌పవర్ అంటే నిమిషానికి 33,000 ఫుట్-పౌండ్ల పని, అంటే 745.7 వాట్లు. యూరప్ వాళ్లది మెట్రిక్ లెక్క. 75 కేజీల బరువును సెకనులో ఒక మీటరు పైకి లేపితే ఒక పీఎస్, అంటే 735.5 వాట్లు. జర్మన్ల పీఎస్, ఇటలీ వాళ్ల సీవీ, ఫ్రెంచి వాళ్ల సీహెచ్ అన్నీ ఇదే. రెండింటి మధ్య తేడా 1.4 శాతం మాత్రమే. స్విఫ్ట్ లాంటి కారుకు ఒకటో అరో తేడా వస్తుంది కాబట్టి ఎవరికీ పట్టదు. పెద్ద కార్లకు వచ్చేసరికి అది కళ్లకు కనిపిస్తుంది. బుగాటి షిరాన్ 1,500 పీఎస్, కానీ 1,479 హార్స్‌పవర్. లాంబోర్గినీ హురకాన్ ఎల్‌పీ 610-4 పేరులో ఉన్న 610 కూడా మెట్రిక్ అంకే, అమెరికాలో అది 602.

మన దగ్గర ఇబ్బంది ఏమిటంటే బ్రోషర్లలో పీఎస్, బీహెచ్‌పీ, హెచ్‌పీ మూడూ కలగాపులగంగా వాడేస్తారు. బీఎండబ్ల్యూ ఎం340ఐ మన దేశంలో 374 హెచ్‌పీ అని అమ్ముతారు. నిజానికి అది 275 కిలోవాట్లు, అంటే 374 పీఎస్. బ్రిటిష్ లెక్కలో 369. అమెరికాలో 2020 మోడల్ ఎం340ఐకి 382 అని రాశారు, అది అసలు హార్స్‌పవర్, 285 కిలోవాట్లు. అంకెలు చూస్తే తేడా 8 అనిపిస్తుంది, లెక్క సరిచేస్తే 13 దాటుతుంది.

అందుకే మొదటి పని, పోల్చే కార్లన్నింటి కిలోవాట్ అంకె వెతికి పట్టుకోవడం. యూరప్ స్పెక్ షీట్లలో ఇది తప్పనిసరిగా ఉంటుంది. పీఎస్ కావాలంటే 1.36తో, హార్స్‌పవర్ కావాలంటే 1.341తో గుణించండి. దీనికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. సగం వాదనలు ఇక్కడే తేలిపోతాయి.

గ్రాస్, నెట్: పాత అమెరికన్ కార్లు చూసేవాళ్లకు

టెక్సస్, కాలిఫోర్నియాలో ఉంటూ వీకెండ్ కోసం పాత కార్వెట్ మీదో మస్టాంగ్ మీదో మోజుపడే మనవాళ్లు కొందరున్నారు. వాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిన సంవత్సరం 1972.

అంతకుముందు అమెరికన్ కంపెనీలు గ్రాస్ హార్స్‌పవర్ ప్రకటించేవి. ఇంజిన్‌ను స్టాండ్ మీద పెట్టి, ఎయిర్ క్లీనర్ తీసేసి, సైలెన్సర్ లేకుండా, ఆల్టర్నేటర్ లాంటి భారాలు తగిలించకుండా, టైమింగ్ వీలైనంత బాగా సర్ది కొలిచేవారు. కారులో బిగించినప్పుడు ఇంజిన్‌కు ఇవన్నీ తప్పవు కదా. మన ఆఫర్ లెటర్‌లో రాసిన సీటీసీకీ నెలాఖరుకు ఖాతాలో పడే జీతానికీ ఉన్న తేడా లాంటిదే ఇది. ఇవన్నీ తగిలించి కొలిచేది నెట్. 1971లో జనరల్ మోటార్స్ రెండు అంకెలూ ప్రకటించింది, 1972 నుంచి పరిశ్రమ మొత్తం నెట్‌కు మారింది.

కార్వెట్ ఎల్‌టీ-1 ఇంజిన్ కథ చూడండి. 1970లో 370. 1971లో 330. 1972లో 255. రెండేళ్లలో 115 హార్స్‌పవర్ పోయిందని, ఉద్గార నియమాలు మజిల్ కార్లను చంపేశాయని చెప్పుకుంటారు. అందులో సగమే నిజం. 1971లో సీసం తక్కువ ఉన్న పెట్రోల్ కోసం కంప్రెషన్ తగ్గించారు, ఆ 40 నిజంగానే పోయింది. కానీ అదే 1971 ఇంజిన్‌కు నెట్ అంకె 275. అంటే 330కీ 275కీ మధ్య ఉన్న 55 ఎక్కడికీ పోలేదు, అసలు చక్రాలదాకా వచ్చే దారిలో ఎప్పుడూ లేదు.

గ్రాస్ అంకెను 0.8తో గుణిస్తే నెట్ వచ్చేస్తుందని ఒక చిట్కా తిరుగుతూ ఉంటుంది. దాన్ని నమ్మకండి. ఎల్‌టీ-1లో 275ను 330తో భాగిస్తే 0.83. అదే ఏడాది మామూలు కార్వెట్ ఇంజిన్ 270 గ్రాస్, 210 నెట్, అంటే 0.78. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒకే 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ కుటుంబం, అయినా గుణకం కలవలేదు.

పైగా కొన్ని అంకెలు కావాలనే తగ్గించి రాసినవి. ఇన్సూరెన్స్ కంపెనీల కన్ను పడకూడదని, రేసుల్లో అనుకూలమైన తరగతి దొరకాలని. రేసుల కోసం చేసిన ఎల్88 ఇంజిన్‌కు 430 అని రాసి, జనం కొనే ఎల్71కి 435 అని రాశారు. బ్రోషర్ చూసి పెద్ద అంకె కొనుక్కునేవాడు ఎల్88 జోలికి పోకూడదనే ఎత్తు అది. ఎల్88 నిజంగా ఇచ్చింది 500 పైచిలుకు. 1969 కమారో జెడ్/28కి రాసిన 290 కూడా ఇలాంటిదే. కాబట్టి 1972కు ముందు కారు కొనేటప్పుడు హార్స్‌పవర్ అంకెను ఇప్పటి కారుతో పోల్చకండి. ఆ కాలంలో పత్రికలు పరీక్షించిన క్వార్టర్ మైల్ వేగాలు దొరుకుతాయి, వాటిని పోల్చండి. ఎలాగో కిందికి వచ్చాక చెబుతాను.

ఇప్పటి పరీక్ష ఎంత నమ్మదగ్గది?

ఇప్పుడు ఇంజిన్‌ను డైనమోమీటర్‌కు తగిలించి, ఎయిర్ ఫిల్టర్ నుంచి సైలెన్సర్ దాకా కారులో ఉండేవన్నీ పెట్టి కొలుస్తారు. డైనో ఇంజిన్ షాఫ్ట్‌కు అడ్డుపడి టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, కొలుస్తుంది. పవర్‌ను నేరుగా ఎవరూ కొలవరు, లెక్కగడతారు. టార్క్ న్యూటన్ మీటర్లలో ఉంటే ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లతో) గుణించి 7,023తో భాగిస్తే పీఎస్ వస్తుంది. ఈ సూత్రం ఎక్కడైనా రాసి పెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఈ పరీక్షకు ప్రమాణం అమెరికాలో ఎస్‌ఏఈ జె1349, యూరప్‌లో ఈసీఈ ఆర్85. రెండూ 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 99 కిలోపాస్కల్స్ పొడిగాలి పీడనాన్ని ఆధారంగా తీసుకుంటాయి, పరీక్ష రోజున గాలి వేరుగా ఉంటే ఫలితాన్ని ఆ ఆధారానికి సరిచేస్తాయి. పాత జర్మన్ డిన్ ప్రమాణం 20 డిగ్రీలు, సముద్రమట్టపు పీడనం. అందుకే 1980ల నాటి పోర్షే అంకె, నేటి పోర్షే అంకె కూడా అచ్చంగా ఒకటే కొలత కావు, అయితే ఆ తేడా చిన్నదే.

ఆర్85లో ఇంకో ముఖ్యమైన విషయం ఉంది. ఆమోదం కోసం పరీక్షించిన ఇంజిన్ గరిష్ఠ పవర్ కంపెనీ చెప్పినదానికి 2 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. ఫ్యాక్టరీలో తయారై వచ్చేవి 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. అంటే 400 పీఎస్ కారు 380 ఇచ్చినా నియమం ప్రకారం సరే, 420 ఇచ్చినా సరే. 374కూ 387కూ మధ్య ఏది కొనాలా అని నిద్ర మానుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవాలి.

అమెరికాలో కొన్నాళ్లు కంపెనీలే సొంతంగా పరీక్షించి, నియమాల్లోని సందులు వాడుకుని అంకెలు పెంచుకున్నాయి. 2001 మాజ్దా మియాటాకు 155 అని ప్రకటించి, తర్వాత 142 అని ఒప్పుకుని, కావాలంటే కారు వెనక్కి తీసుకుంటామని కొన్నవాళ్లకు చెప్పాల్సి వచ్చింది. 1999 మస్టాంగ్ కోబ్రా 320 ఇవ్వడం లేదని యజమానులు డైనోల మీద పట్టుకుంటే, ఫోర్డ్ అమ్మకాలు ఆపి, కార్లు వెనక్కి పిలిచి భాగాలు మార్చింది. 2005లో ఎస్‌ఏఈ జె2723 వచ్చింది. బయటి సాక్షి ఎదురుగా పరీక్ష జరిగితేనే "సర్టిఫైడ్" అని రాసుకోవాలి. ఆ పద్ధతిలో మొదట పరీక్షకు నిలిచింది కార్వెట్ జెడ్06లోని ఎల్ఎస్7 ఇంజిన్, 500 అనుకున్నది 505 తేలింది. అదే సమయంలో టొయోటా క్యామ్రీ 3.0 వీ6 210 నుంచి 190కి, అక్యూరా టీఎల్ 270 నుంచి 258కి దిగాయి. ఇంజిన్లు మారలేదు, కొలత మారింది. అయితే ఈ సర్టిఫికేషన్ తప్పనిసరి కాదు, స్వచ్ఛందమే. 2005 చుట్టుపక్కల అమెరికన్ మార్కెట్ కారు సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు మోడల్ సంవత్సరం ఒక్కటి అటూ ఇటూ అయినా అంకె ఏ పద్ధతిదో చూసుకోవాలి.

జపాన్‌ది తిరగేసిన కథ. 1989లో నిస్సాన్ ఫెయిర్‌లేడీ జెడ్ 280 పీఎస్‌కు చేరాక, పోటీ ప్రమాదకరంగా మారుతుందని కంపెనీలన్నీ ఆ అంకె దాటి ప్రకటించకూడదని ఒక మౌన ఒప్పందానికి వచ్చాయి. 2004లో 300 పీఎస్ హోండా లెజెండ్ వచ్చేదాకా అది నడిచింది. ప్రకటించడం ఆగింది గానీ ఇంజిన్లు పెరగడం ఆగలేదు. స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్34 కాగితం మీద 280, డైనో మీద 300 దాటేది మామూలే. 25 ఏళ్లు నిండిన కార్ల నియమం కింద ఆర్34లు ఇప్పుడు అమెరికాలోకి వస్తున్నాయి. 280 అని చూసి పక్కనబెట్టేయకండి, ఆ కాలపు జపాన్ కార్లలో 280 అంటే "కనీసం 280" అని చదువుకోవాలి.

చక్రాల దగ్గర కొలిచేది

ట్యూనింగ్ షాపుల్లో ఉండే రోలర్ డైనో ఇంజిన్‌ను కాక చక్రాలను కొలుస్తుంది. గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, టైర్లు తమ వాటా తినేశాక మిగిలేది ఇది. రెండు చక్రాల డ్రైవ్ కారులో 10 నుంచి 15 శాతం, నాలుగు చక్రాల డ్రైవ్‌లో అంతకంటే ఎక్కువ పోతుందని ఒక అంచనా. 400 పీఎస్ వెనకచక్రాల కారు రోలర్ మీద 340 నుంచి 360 మధ్య చూపిస్తే కంగారుపడాల్సింది లేదు. ఈ శాతం స్థిరమైనది కాదు. గేర్‌బాక్స్ ఆయిల్ వేడి, టైర్లలో గాలి, కారును కట్టిన పట్టీల బిగువు, ఏ గేర్‌లో పరుగు తీశారు, ఇవన్నీ అంకెను కదిలిస్తాయి.

డైనోల్లోనూ రకాలున్నాయి. బరువైన డ్రమ్మును తిప్పనిచ్చి అది ఎంత త్వరగా వేగం అందుకుందో చూసేది ఒకటి. బ్రేకుతో భారం పెట్టి కొలిచేది ఇంకొకటి, ఇది సాధారణంగా కాస్త తక్కువ చూపిస్తుంది. చక్రాలు విప్పేసి నేరుగా హబ్‌లకు తగిలించేవీ ఉన్నాయి, వాటిలో టైరు నష్టం లెక్కలోకే రాదు. ఒక రకం మీద వచ్చిన అంకెను ఇంకో రకం మీద వచ్చినదానితో పోల్చడం దండగ.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది కరెక్షన్ దగ్గర, అంటే ఆ రోజు గాలిని బట్టి అంకెను సరిచేసే దగ్గర. గ్రాఫు మూలన చిన్న అక్షరాల్లో ఎస్‌ఏఈ అనో ఎస్‌టీడీ అనో ఉంటుంది. ఎస్‌టీడీ పాత పద్ధతి, చల్లటి గాలి ఆధారంగా లెక్కిస్తుంది, అదే పరుగుకు దాదాపు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. 300 కారుకు 12 ఉచితం. ఎండాకాలంలో ఇంకో తమాషా ఉంది. మే నెల మధ్యాహ్నం హైదరాబాద్ గాలికి ఎస్‌ఏఈ సూత్రం వేస్తే కరెక్షన్ సుమారు 10 శాతం వస్తుంది. నాచురల్లీ ఆస్పిరేటెడ్ (టర్బో లేని) ఇంజిన్‌కు అది న్యాయమే, పలచటి వేడి గాలిలో అది నిజంగానే అంత పోగొట్టుకుంటుంది. టర్బో ఇంజిన్ అలా కాదు, కంప్యూటర్ టర్బోను ఇంకాస్త తిప్పి లోటు చాలావరకు పూడ్చుకుంటుంది. దానికీ అదే 10 శాతం కలిపితే లేని పవర్ కాగితం మీద పుడుతుంది. స్టేజ్ 1 రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించుకుని "ఇంజిన్ దగ్గర 310 వచ్చింది బ్రో" అని చెప్పే గ్రాఫుల్లో కొన్ని ఇలా పుట్టినవే.

రీమ్యాప్ షాపులు పోల్చుకుంటున్నారా? అయితే చివరి అంకెను వదిలేయండి. అదే కారు, అదే డైనో, అదే రోజు, ముందు వెనక రెండు పరుగులు, కరెక్షన్ లేని రీడింగు అడగండి. తేడా ఎంతో అదొక్కటే మీ డబ్బుకు వచ్చినది. ఇవ్వనంటే ఇంకో షాపు చూసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు స్పెసిఫికేషన్ నుంచి వాహనాన్ని మార్చడానికి వీల్లేదు, వారంటీ, ఇన్సూరెన్స్ చిక్కులు కూడా ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో రీమ్యాప్ చేసిన కారు కొనేవాళ్లు పెరిగిన హార్స్‌పవర్‌కు ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకూడదని నా అభిప్రాయం. ఇంకా తగ్గించమనే అడగాలి.

కంపెనీలు తక్కువ చెప్పిన సందర్భాలు పట్టుకోవడానికి మాత్రం రోలర్ డైనో మంచి సాధనం. 2020 టొయోటా సుప్రాకు అమెరికాలో 335 హార్స్‌పవర్ అని రాశారు. అది బీఎండబ్ల్యూ బీ58 ఇంజిన్, మన దేశంలో జెడ్4 ఎం40ఐలో వచ్చింది దాని తోబుట్టువే. చాలామంది కొలిస్తే చక్రాల దగ్గరే ఆ ప్రకటించిన అంకె దరిదాపులకు వచ్చేసింది.

డైనో మీదా నమ్మకం లేకపోతే క్వార్టర్ మైల్ ఉంది. 402 మీటర్ల చివర కారు వేగం ఎంతో తెలిస్తే పవర్ అంచనా వేయొచ్చు. స్టార్ట్‌లో టైర్లు జారినా చివరి వేగం పెద్దగా మారదు, అందుకే 0-100 సమయం కంటే ఇది పవర్ గురించి నిజం ఎక్కువ చెబుతుంది. వేగాన్ని కిలోమీటర్లలో తీసుకుని 377తో భాగించండి, వచ్చినదాన్ని రెండుసార్లు దానితోనే గుణించండి (ఘనం), దాన్ని డ్రైవర్‌తో సహా కారు బరువు కేజీలతోనూ 2.2తోనూ గుణించండి. 1,600 కేజీల కారు 180 వేగంతో గీత దాటితే సుమారు 383 హార్స్‌పవర్. కొన్ని శాతం అటూ ఇటూ అవుతుంది, అయినా ఎవడో గొప్పగా చెప్పిన 500ను పరీక్షించడానికి చాలు. పరుగు మాత్రం చెన్నై దగ్గరి ట్రాక్ మీదో కోయంబత్తూరు కారీ స్పీడ్‌వే మీదో తీయండి, ఓఆర్‌ఆర్ మీద వద్దు.

మీ ఊరి గాలి, మీ బంకు పెట్రోల్

హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంది, బెంగళూరు 900 దాటి. నాచురల్లీ ఆస్పిరేటెడ్ స్పోర్ట్స్ కారు విశాఖ బీచ్ రోడ్డు మీద ఇచ్చేంత పవర్ బెంగళూరులో ఇవ్వదు. ఎస్‌ఏఈ సూత్రంతో లెక్కేస్తే ఉక్కపోత రోజున విశాఖలో 5 శాతం, మే ఎండలో హైదరాబాద్‌లో 10 శాతం, బెంగళూరులో చల్లటి రోజున కూడా 12 శాతం పైన తగ్గుతుంది. సముద్రం పక్కన ఉన్నా విశాఖకు నష్టం ఎందుకంటే గాలిలో ఆవిరి ఆక్సిజన్ చోటు తినేస్తుంది. ఒకే అంకె ఉన్న టర్బో కారు, టర్బో లేని కారు మధ్య ఊగిసలాడుతున్న బెంగళూరు తెలుగువాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అక్కడ టర్బోదే పైచేయి.

పెట్రోల్ సంగతి. అమెరికా బంకులో 93 ఆక్టేన్ అంటే మన ఆర్‌ఓఎన్ (ఆక్టేన్ కొలిచే ఇంకో పద్ధతి) లెక్కలో సుమారు 97-98. మన మామూలు పెట్రోల్ బీఎస్6 ప్రమాణంలో 91, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చాక 95. అక్కడి 93, ఇక్కడి 95 చూసి మనదే మెరుగు అనుకోకండి. 95 మీద నడిస్తే హై కంప్రెషన్ ఇంజిన్ ఇగ్నిషన్ వెనక్కి లాక్కుని పవర్ తగ్గించుకుంటుంది. ఎక్స్‌పీ100 లాంటి 100 ఆక్టేన్ పెట్రోళ్లు కొన్ని బంకుల్లోనే, ఆ ధరకు రోజూ పోయించడం అందరివల్లా కాదు. (పాత దిగుమతి కార్లకు ఈ20 పడుతుందా లేదా అనేది వేరే పెద్ద కథ.) పెట్రోల్ ఎంత ప్రభావం చూపిస్తుందో డాడ్జ్ డీమన్ 170 చూస్తే తెలుస్తుంది. 1,025 హార్స్‌పవర్ అని పేరు మోగింది ఎక్కువ భాగం ఇథనాల్ ఉండే ఈ85 ఇంధనం మీద. మామూలు పంపు పెట్రోల్ మీద 900.

కంపెనీ స్వయంగా మార్కెట్‌ను బట్టి ట్యూన్ మార్చడం ఇంకొకటి. 2016లో మనకు వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్ జీటీకి 401 పీఎస్, 515 న్యూటన్ మీటర్లు. అదే 5.0 వీ8 అమెరికాలో 435 హార్స్‌పవర్, అంటే 441 పీఎస్. యూట్యూబ్‌లో అమెరికన్ రివ్యూ చూసి, ఇక్కడ సెకండ్ హ్యాండ్ మస్టాంగ్‌ను ఆ 435 చెప్పి అమ్మేవాళ్లున్నారు. మన దేశపు బ్రోషర్ పీడీఎఫ్ ముందు పెట్టి మాట్లాడండి.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ అయితే

ఇక్కడ అడగాల్సింది ఒక్కటే: ఎంతసేపు? 2019 పోర్షే టైకాన్ టర్బో ఎస్ 761 పీఎస్ అంటారు, అది లాంచ్ కంట్రోల్‌లో (నిలిచిన చోటి నుంచి గరిష్ఠ వేగంతో దూకించే మోడ్‌లో) కొద్ది సెకన్లు. మామూలుగా 625. ఆర్85 పరీక్షలోనే ఎలక్ట్రిక్ మోటార్లకు 30 నిమిషాల పవర్ అని ఇంకో అంకె ఉంటుంది, గరిష్ఠం కంటే అది చాలా తక్కువ. రెండు మోటార్ల సామర్థ్యం కూడితే కారు పవర్ అయిపోదు, బ్యాటరీ అంత ఇవ్వగలగాలి. టెస్లా పీ85డీని 691 అని ప్రకటించినప్పుడు అదే గొడవైంది, తర్వాత కంపెనీ 463 అని రాసింది. ట్రాక్ మీదికి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే ఎలక్ట్రిక్ కారు పీక్ అంకెను పెట్రోల్ కారు అంకె పక్కన పెట్టి చూడొద్దు, నాలుగైదు ల్యాప్‌ల తర్వాత ఏం మిగిలిందో చెప్పే రివ్యూ వెతకండి. హైబ్రిడ్‌లో ఫెరారీ ఎస్‌ఎఫ్90కి 780, 220 కలిపి 1,000 అని స్పష్టంగా విడదీసి చెప్పారు. అలా చెప్పని కంపెనీ దగ్గర విడదీసి అడగాలి.

ఇప్పుడు నిజంగా రెండు కార్లు పోలుద్దాం

పోర్షే 718 కేమన్ జీటీఎస్ 4.0, బీఎండబ్ల్యూ ఎం2 (2024లో పవర్ పెంచిన ఎడిషన్). రెండూ ఆటోమేటిక్. 718 పెట్రోల్ తయారీ ఆగింది కాబట్టి అది వాడినదే దొరుకుతుంది.

కిలోవాట్లలో: 294, 353. పీఎస్‌లో 400, 480. బీఎండబ్ల్యూ వాళ్లు హెచ్‌పీ అని రాసినా అది పీఎస్సే. 80 తేడా, ఏ టాలరెన్సూ మింగలేనంత పెద్దది. ఇక్కడే ఆగిపోతే ఎం2 గెలిచింది.

బరువు చూద్దాం. కేమన్ 1,435 కేజీలు, ఎం2 దాదాపు 1,725, రెండూ డిన్ లెక్కలో. బరువులకూ రెండు ప్రమాణాలున్నాయి, యూరోపియన్ యూనియన్ లెక్కలో డ్రైవర్‌కు 75 కేజీలు కలుపుతారు. ఒకదానికి అదీ ఒకదానికి ఇదీ తీసుకుంటే పోలిక మళ్లీ పాడవుతుంది. టన్నుకు పీఎస్ లెక్కేస్తే కేమన్ 279, ఎం2 278. కంపెనీలు చెప్పిన 0-100 రెండిటికీ 4.0 సెకన్లే. 80 పీఎస్ తేడా బరువు కింద పూర్తిగా అణిగిపోయింది.

ఇంకా తేలలేదు. కేమన్ గరిష్ఠ టార్క్ 430 న్యూటన్ మీటర్లు, ఇంజిన్‌కు టర్బో లేదు, గరిష్ఠ పవర్ 7,000 ఆర్‌పీఎం దగ్గర. ఎం2కు 600, అదీ 2,700 దరిదాపుల నుంచే మొదలవుతుంది. 4,000 ఆర్‌పీఎం దగ్గర సూత్రం వేద్దాం. ఎం2: 600ను 4,000తో గుణించి 7,023తో భాగిస్తే 342 పీఎస్. కేమన్‌కు ఆ వేగంలో పూర్తి 430 ఉందని ఉదారంగా ఒప్పుకున్నా 245 దాటదు. టన్నుకు చూస్తే 198, 171. మనం రోజూ నడిపేది 4,000 లోపే. లారీని దాటేటప్పుడు గేరు తగ్గించకుండా ఎం2 లాగేస్తుంది, కేమన్‌లో రెండు గేర్లు కిందికి దింపాలి. హైదరాబాద్ ఎండలో కేమన్ తన 400లో 40 దాకా వదులుకుంటుంది కూడా, అప్పుడు టన్నుకు 279 కాస్తా 251 అవుతుంది. ఎం2 అంత వదులుకోదు.

అయినా కేమన్‌ను ఎంచుకునేవాణ్ని నేను తప్పుపట్టను. 290 కేజీలు తక్కువ బరువు బ్రేకుల్లో, మలుపుల్లో, టైర్ల అరుగుదలలో ప్రతిసారీ కనిపిస్తుంది, 7,000 దాటాక ఆ ఫ్లాట్ సిక్స్ చేసే శబ్దం ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. ఏడాదికి కొన్నిసార్లు ట్రాక్‌కు వెళ్లేవాళ్లు, ఆదివారం తెల్లవారుజామున శ్రీశైలం ఘాట్ దాకా వెళ్లి వచ్చేవాళ్లు అయితే కేమన్. వారంలో అయిదు రోజులు ఆఫీసుకు, వెనక సీట్లో పిల్లాడు, బెంగళూరు హైవే మీద దూరప్రయాణాలు అయితే ఎం2, మారు ఆలోచన లేకుండా.

టెస్ట్ డ్రైవ్‌లో సేల్స్‌మన్ లాంచ్ కంట్రోల్ చూపిస్తానంటాడు. వద్దనండి. కారును మాన్యువల్ మోడ్‌లో పెట్టి, నాలుగో గేర్‌లో 60 దగ్గర నిలకడగా నడిపి, అక్కడి నుంచి పూర్తిగా తొక్కి 100 దాకా రానివ్వండి. తర్వాత అదే పని గేర్‌బాక్స్‌కే వదిలేసి చేయండి. రెండు కార్లలోనూ, ఒకే రోజు, వీలైతే ఒకే మధ్యాహ్నం, పక్కన కూర్చున్నవాళ్లతో ఫోన్‌లో వీడియో తీయించుకుని ఇంటికొచ్చాక సెకన్లు లెక్కపెట్టుకోండి.